ఆగ్నెస్ వదిన చెయ్యి కడిగిన దీవి

మా ఆగ్నెస్ వదిన పోయిన జనవరిలో ఒక దీవిని తినేసింది.

నమ్మకపోతే మానండి. అట్లాంటిక్ సముద్రంలో, ఆఫ్రికా ఒడ్డుకి కాస్త ఎడంగా, నిప్పుకొండలు కక్కిన నల్లరాయితో పుట్టిన దీవి అది. పేరు లాంజరోటే. స్పెయిన్ వాళ్ళది. పుట్టినప్పటినుంచీ సముద్రం నాలుగువైపులా కొరుకుతున్నా తరగని ఆ దీవిని, యానాం నుంచి వెళ్ళిన ఒక ముసలావిడ ఒక్క మధ్యాహ్నం కూర్చుని ఊడ్చిపెట్టేసింది.

సరే, మొత్తం దీవి కాదు. ఒక మూల. మూల కూడా ఎక్కువంటారా, ఒక ఉప్పుగుట్ట. గుట్ట కూడా కాదని వదిన మనవరాలు జాస్మిన్ అంటుంది. అయితే ఒక పళ్ళెం బంగాళాదుంపలు, వాటి మీద చిటికెడు ఉప్పు. ఇంతకన్నా తగ్గించమంటే నా వల్ల కాదు. నాకూ ఒక పరువుంది.

ఆ చిటికెడు ఉప్పు దీవి అంత బరువెందుకు తూగిందో తెలియాలంటే ముందు మా వదిన సంగతి తెలియాలి.

ఆగ్నెస్ మా పెదనాన్నగారి అబ్బాయి భార్య. అన్నయ్య ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చాడు. పోతూ పోతూ ఆవిడకి ఒక పెన్షనూ, ఒక ఫ్రెంచి పాస్‌పోర్టూ మిగిల్చాడు. యానాంలో అదేం వింత కాదు, అలాంటి ఇళ్ళు వీధికొకటి ఉంటాయి. వింతేమిటంటే, ఆ పాస్‌పోర్టు గడువు తీరినప్పుడల్లా వదిన పాండిచ్చేరి వెళ్ళి కొత్తది తెచ్చుకునేది, తెచ్చి ట్రంకుపెట్టెలో పెళ్ళిచీర అడుగున పెట్టేది. దాని మీద ఏ దేశం ముద్రా పడింది లేదు.

"ఎక్కడికీ వెళ్ళని దానికి ఎందుకొదినా ఇంత శ్రమ?" అని అడిగితే, "రేషన్ కార్డు మాత్రం ఎక్కడికెల్తందయ్యా? ఇంట్లో ఉండాలంతే," అనేది.

పొద్దున్న బజార్లో ఎండురొయ్యలు అమ్మడం ఆవిడ వ్యాపారం. మధ్యాహ్నం నుంచీ ఆవిడకి ఇంకో ఉద్యోగం ఉంది. దానికి జీతం లేదు గానీ పలుకుబడి చాలా ఉంది. మా వైపు ఆడపిల్లకి సంబంధం వస్తే, మాటలు ముదిరేలోగా పిల్ల తరఫు ఆడవాళ్ళు వెళ్ళి అబ్బాయి ఇల్లు చూసి రావాలి. అలా వెళ్ళే ప్రతి గుంపులోనూ ముందు నడిచేది ఆగ్నెస్ వదినే. చర్చికి వెళ్ళేవాళ్ళూ పిలుస్తారు, గుడికి వెళ్ళేవాళ్ళూ పిలుస్తారు. పిల్లనివ్వబోయే ఇంటిని ఆవిడ చూసినట్టు డాక్టర్లు ఎక్స్‌రే కూడా చూడరు.

ఆవిడకి ఒకటే నియమం. మాట ఖాయం కాకుండా ఆ ఇంట్లో ఏమీ ముట్టదు. మంచినీళ్ళు కూడా తాగదు. తన మరచెంబులో తన నీళ్ళు తను పట్టుకెళుతుంది. వాళ్ళ ఉప్పు నాలిక్కి తగిలిందంటే ఇక వెనక్కి పోవడానికి లేదని ఆవిడ లెక్క. అన్నీ చూసి, సంబంధం నచ్చితే, అప్పుడు "నీళ్ళు పొయ్యండమ్మా" అని చెయ్యి చాపుతుంది. చెయ్యి కడుగుతుంది. విస్తరి ముందు కూర్చుంటుంది. అంతే, పెళ్ళి కుదిరినట్టు. అందుకే మా ఊళ్ళో సంబంధం కుదిరిందా అని ఎవరూ అడగరు. "ఆగ్నెస్ చెయ్యి కడిగిందా?" అని అడుగుతారు.

మెట్టకూరులో ఒక కలవారింటి వాళ్ళు ఆవిడ చేత చెయ్యి కడిగించాలని పంతం పట్టి పీతల ఇగురు, గోంగూర రొయ్యలు, కోడి వేపుడు వరసగా పెట్టారు. మూడు వీధుల పిల్లులు వచ్చి గుమ్మంలో కూర్చుని "తినవమ్మా" అన్నట్టు ఆవిడ మొహంలోకి చూశాయట. వదిన మరచెంబు మూత తీసి రెండు గుక్కలు తాగి లేచిపోయింది. ఆ ఇంటాయన భార్యని చిటికేసి పిలిచాడు, అదీ కారణం. కనకాలపేటలో ఒకింట్లో ఆవకాయ జాడీకి తాళం చూసి గుమ్మంలోంచే తిరిగొచ్చింది. అడవిపొలంలో మాత్రం వీళ్ళు చెప్పకుండా వెళ్ళేసరికి తల్లికి జ్వరమని పెళ్ళికొడుకే పెరట్లో కూర్చుని చేపలు తోముతున్నాడు. వదిన ఇల్లు కూడా చూడలేదు. "ముందా చేతులు కడుక్కుని, తర్వాత నా చేతి మీద నీళ్ళు పొయ్యరా బాబూ," అంది.

ఇలా ఊరందరి పిల్లలకీ ఇళ్ళు చూసిన మనిషి దగ్గరికి చివరికి సొంత మనవరాలి సంబంధం వచ్చింది. అదీ వదిన కొడుకు ఆంథోనీ తెచ్చింది కాదు. పిల్లే తెచ్చుకుంది.

ఆంథోనీ కూతురు జాస్మిన్ పాండిచ్చేరిలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. తాతగారి పుణ్యమా అని ఫ్రెంచి పాస్‌పోర్టు ఉంది, ఫ్రెంచి వచ్చు. ఆ దీవిలో ఒక హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగం దొరికింది. చలికాలం యూరప్ అంతా మంచులో కూరుకుపోతే, చలి పడనివాళ్ళంతా ఎండ కోసం అక్కడికి వాలిపోతారట, మన కొల్లేరుకి కొంగలు వచ్చినట్టు. క్రిస్మస్ మర్నాడు ఆ పిల్ల వీడియో కాల్ చేసి ఒక కుర్రాణ్ణి పక్కన నిలబెట్టింది. సన్నగా, చామనఛాయగా, బుద్ధిగా ఉన్నాడు. ఉప్పుమళ్ళలో పని.

"పేరేంటే?" అంది వదిన.

"యెరాయ్, నానమ్మా."

"అదేం పేరే? పిలిస్తే ఏరా అన్నట్టుంటాది. పెళ్ళికొడుకుని ఏరా అంటే బాగుంటాదా?"

"నువ్వు ఎవర్ని ఏరా అనవు నానమ్మా?"

ఆ మాటకి ఆంథోనీ కూడా నవ్వాడు. నవ్వి, వెంటనే తండ్రినన్న సంగతి గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఊరు తెలీదు, మనుషులు తెలీదు. అమ్మ వచ్చి ఇల్లు చూస్తాది. అమ్మ చెయ్యి కడిగితే నాకు సరే. కడక్కపోతే లేదు," అన్నాడు.

జాస్మిన్ ఎదురు చెబుతుందనుకున్నాం. చెప్పలేదు. "ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ నానమ్మ చూసిన ఇళ్ళలోనే అయ్యాయి. నాది మాత్రం ఆవిడ వద్దన్న ఇంట్లో ఎలా అవుతుంది డాడీ? వద్దంటే మానేస్తాను," అంది. అన్నదే గానీ, ఆ మాట అంటున్నప్పుడు ఫోను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. కుర్రాడికి తెలుగు రాదు కాబట్టి పాపం నవ్వుతూనే ఉన్నాడు.

కాల్ అయిపోయాక వదిన అరుగు మీద నా పక్కన కూర్చుంది. "ఒక్కగానొక్క మనవరాలు, ఫ్రాన్సిసూ. చూడ్డానికైతే ఎల్తాను గానీ, నచ్చకపోతే బాగుణ్ణని ఉందయ్యా," అంది.

ట్రంకుపెట్టెలోంచి పాస్‌పోర్టు బయటికి వచ్చింది. వీధి వీధంతా వచ్చి సామాను సర్దింది. స్పెయిన్ అన్నారు, జనవరి అన్నారు కాబట్టి మంచు పడుతుందని నేనే తేల్చాను. కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి కనక ఎవరూ కాదనలేదు. మా సిస్టరు గ్లోబు తిప్పి భూగోళం చెప్పేది గానీ, ఈ దీవి ఉన్నచోట ఆవిడ వేలు ఎప్పుడూ అడ్డంగా ఉండేది. అందుకని రెండు స్వెటర్లు, ఒక మఫ్లరు, ఒక బొంత, నా సొంత మంకీ క్యాపు పెట్టెలోకి వెళ్ళాయి. ఆ ఇంటివాళ్ళది ఏదీ ముట్టకూడదు కాబట్టి బియ్యం, కందిపొడి, చింతపండు, ఎండుమిరపకాయలు, ఎండురొయ్యలు, జంతికలు కూడా వెళ్ళాయి.

అన్నీ ఉన్నాయి కదా అని నేను ఒక ఉప్పు పాకెట్టు కూడా పడేశాను. పక్కింటి కామాక్షమ్మ పామును చూసినట్టు చూసి దాన్ని బయటికి లాగింది.

"సంబంధం చూడ్డానికెల్తా ఉప్పు పట్టుకెల్తారా ఎవరైనా? మీ కాన్వెంటులో ఇదేనా అన్నయ్యగారూ నేర్పింది?"

"తీసెయ్యవే కామాక్షీ," అంది వదిన. "ఇన్నిళ్ళకి ఎల్లాను, ఎప్పుడైనా ఉప్పు మోశానా? అక్కడ కొనుక్కుంటే సరి."

ఈ మాట గుర్తుపెట్టుకోండి.

దీవిలో దిగిన రోజే జాస్మిన్ నానమ్మని సముద్రం దగ్గరికి తీసుకెళ్ళింది. మంచు లేదు. మన దీపావళి వెళ్ళాక పొద్దుటిపూట ఉండే చలి, దానికి తోడు ఈడ్చి కొట్టే గాలి. మంచు దేశాల నుంచి వచ్చినవాళ్ళకి అది ఎండాకాలం. ఆడా మగా నీళ్ళలో కేరింతలు, ఒడ్డున ఇసకలో పడకలు. వదిన రెండు స్వెటర్లు, మఫ్లరు, మంకీ క్యాపుతో వాళ్ళ మధ్య నిలబడి చాలాసేపు చూసింది.

"ఈళ్ళందరి సామానూ విమానంలో తప్పిపోయిందా ఏంటే?" అని అడిగింది.

ఆవిణ్ణి చూసి ఒక జర్మనీ దొర భయపడి కోటు తొడుక్కున్నాడనీ, అది చూసి మిగతావాళ్ళూ తొడుక్కున్నారనీ, ఆ సాయంత్రానికి ఒడ్డు ఖాళీ అయిందనీ నేను ఊళ్ళో చెప్పాను. జాస్మిన్ మాత్రం ఎవరో ఇద్దరు ఫొటో తీసుకున్నారంతే అంటుంది.

దీవి మాత్రం వదినకి నచ్చలేదు. ఫోన్లో నాతో అంది: "అట్లపెనం బోర్లించినట్టుందయ్యా ఊరు. ఎటు చూసినా నల్లగా మసి. చెట్టు లేదు. తెల్లగా సున్నం కొట్టిన ఇళ్ళు మాత్రం బొమ్మల్లాగున్నాయి. ద్రాక్షతీగకి తీగకీ ఒక గొయ్యి తవ్వి, గాలి కొట్టకుండా చుట్టూ రాళ్ళగోడ కట్టారు. పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు. అంత కష్టపడితే గానీ ఇక్కడ ఏదీ పెరగదంట. ఏరు లేదు, కాలవ లేదు. మంచినీళ్ళు కూడా సముద్రం నీళ్ళే, ఉప్పు తీసేసి కుళాయిలో వదుల్తారంట. గోదారి గట్టున పెరిగిన పిల్ల ఇక్కడెలా ఉంటాదయ్యా?"

దిగిన రోజు సాయంత్రమే జాస్మిన్ అద్దె ఇంట్లో వదిన అన్నం వండి, ఎండురొయ్యల పులుసు పెట్టింది. "ఉప్పేదే?" అంది. జాస్మిన్ అలమరలోంచి ఒక గాజు సీసా తీసి అందించింది. గళ్ళుప్పు. వదిన వేళ్ళతో నలిపింది. పొడిపొడిగా రాలింది. "ఉప్పు మాత్రం బాగుందే," అని పులుసులో వేసింది. ఆ దీవిలో ఆవిడ మెచ్చుకున్న మొదటి వస్తువు అదే.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక అబ్బాయి ఇంటికి వెళ్ళారు. యెరాయ్‌కి తండ్రి లేడు, తల్లి కార్మెన్ ఒక్కతే. పొట్టిగా, దిట్టంగా, మాట ముందు పెట్టి మనిషి వెనక నడిచే రకం. సరిగ్గా మా వదిన లాగే. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో, అక్కడికొచ్చాక స్పానిష్ నేర్చుకున్న జాస్మిన్.

బల్ల నిండా వంటలు. చిన్న చిన్న బంగాళాదుంపల్ని తొక్కతోనే బాగా ఉప్పు వేసిన నీళ్ళలో ఉడికించి, నీరంతా ఇగిరి తొక్క ముడతలు పడి, పైన ఉప్పు తెల్లగా పేరుకునేదాకా ఉంచుతారు. పక్కన ఎర్రటి పచ్చడి. వదిన ముక్కు ఒక్కసారి ఎగబీల్చింది. ఎండుమిరప, వెల్లుల్లి, జీలకర్ర. "మన నూరుడు కారమే కదే," అంది లోగొంతులో. అని, సంచీలోంచి మరచెంబు తీసి రెండు గుక్కలు తాగి మూత పెట్టేసింది.

కార్మెన్ మొహం వాడిపోయింది. "మా వంట ఆవిడకి పడదా?" అని జాస్మిన్‌ని అడిగింది. జాస్మిన్ మా పద్ధతి వివరించింది. కార్మెన్ అంతా విని, నడుం మీద చేతులు పెట్టుకుని, వదిన వైపు తిరిగి ఏదో అంది.

"ఏమంటందే?"

"నువ్వు తినేదాకా వండుతూనే ఉంటానంటోంది నానమ్మా."

"వండమను. మెట్టకూరోళ్ళ కన్నా గొప్పా ఏంటి?"

ఇక అక్కణ్ణించి యుద్ధమే. వదిన రోజూ ఇల్లు చూడటానికి వెళ్ళేది. కార్మెన్ రోజూ వండేది. చేపల పులుసు, మేకపాల జున్నుగడ్డ వేపుడు, వేయించిన పిండి ముద్దలు. వదిన రోజూ మరచెంబు తీసేది. నాలుగిళ్ళ వాళ్ళు కిటికీల దగ్గర చేరి, మూత తెరుచుకోగానే "అయ్యో" అని నిట్టూర్చేవారట. ఆ నిట్టూర్పుల వల్లే ఆ దీవిలో అంత గాలి అని నా ఉద్దేశం.

తినకపోయినా వదిన కళ్ళు మాత్రం పని మానలేదు. ఆ ఇంట్లో దేనికీ తాళం లేదు. గిన్నెలు కడిగిన నీళ్ళు పారబొయ్యరు, పూలకుండీల్లో పోస్తారు. కార్మెన్ ఎవరినైనా పిలవాలంటే ఉన్నచోటు నుంచి అరవకుండా వాళ్ళ దగ్గరికి నడిచి వెళుతుంది. యెరాయ్ మళ్ళలోంచి మోకాళ్ళ దాకా బురదతో వస్తే, గుమ్మం బయటే అరచెంబు నీళ్ళతో కాళ్ళు శుభ్రంగా కడుక్కుని లోపలికి వస్తాడు. తిన్న కంచం తనే తీస్తాడు, పక్కవాళ్ళదీ తీస్తాడు. వదిన ఒకరోజు వేళకి ముందే వెళ్ళి దొంగచాటుగా చూసింది. అప్పుడూ తీస్తున్నాడు.

ఇక తిరుగు ప్రయాణం దగ్గర పడ్డాక, ఒక ఉదయం టీ తాగుతూ మనవరాలికి తీర్పు చెప్పింది. "మనుషుల్లో వంక లేదే జాసీ. అబద్ధం ఆడకూడదు. కానీ ఊరు వద్దే. ఏరు లేని చోట, రాయి మీద పిల్లనివ్వలేను. నా మనసు ఒప్పట్లేదు."

"సరే నానమ్మా," అంది జాస్మిన్. వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. కడుగుతూనే ఉంది. నీళ్ళు పొదుపు చేసే ఆ దీవిలో కుళాయి అలా పారుతుంటే వదిన చేతిలో టీ చల్లారిపోయింది.

వద్దన్న మాట ఇంకో మనిషిచేత చెప్పించకూడదు, మనమే వెళ్ళి చెప్పాలి. అదీ వదిన పద్ధతే. ఆ మధ్యాహ్నం యెరాయ్ మళ్ళ దగ్గర ఉన్నాడు, కార్మెన్ అతనికి అన్నం పట్టుకుని అక్కడికే వెళ్ళింది. వీళ్ళూ అక్కడికే వెళ్ళారు.

కాకినాడ దారిలో ఉప్పుమళ్ళు చూసిన మనిషికి ఇవి కొత్త కాదు. కానీ ఇక్కడ నల్లరాయి మీద రాయి పేర్చి, మట్టితో గట్లు పోసి, ఒకదాని పక్కన ఒకటి గళ్ళగళ్ళుగా మళ్ళు కట్టారు. చలికాలం ఉప్పు పండదు, గట్లు బాగుచేసుకోవడమే పని. వేసవిలో తీసిన ఉప్పు కొట్టులో గుట్టగా ఉంది. యెరాయ్ చేతులు కడుక్కుని వచ్చి, వచ్చిన పనేమిటో తెలియక, ఉత్సాహంగా వదినని ఆ గుట్ట దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎండురొయ్యలు అమ్మే మనిషి ఉప్పు చూస్తే చెయ్యి ఊరుకోదు. వదిన గుప్పెడు తీసి వేళ్ళతో నలిపింది.

పొడిపొడిగా రాలింది.

వదిన ఇంకో గుప్పెడు తీసింది. మళ్ళీ నలిపింది.

"జాసీ, మన వంటింట్లో ఆ గాజుసీసా ఉప్పు ఎక్కడ కొన్నావే?"

"కొనలేదు నానమ్మా. ఎప్పుడూ యెరాయే తెస్తాడు. వాళ్ళమ్మ సీసాలో పోసి పంపిస్తుంది..." అని, అక్కడ ఆగిపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మొదటిరోజు పులుసులో వేసింది?"

"ఇదే నానమ్మా."

"చారులో?"

"ఇదే."

"మొన్న ఒంట్లో బాలేదని గంజిలో కలుపుకున్నానే, అది?"

"అదీ ఇదే."

వదిన గట్టు మీద చతికిలబడింది. మెట్టకూరు పీతలకి లొంగని మనిషి, కార్మెన్ పెట్టిన ఒక్క వంటా ముట్టని మనిషి, దిగిన పూట నుంచీ పూటపూటా వాళ్ళ ఉప్పే తింటోంది. ఇల్లు చూడకముందే, పిల్లాణ్ణి ఎదురుగా చూడకముందే మాట ఇచ్చేసింది. అదీ ఉప్పు మోసుకెళ్ళకూడదన్న తన పట్టుదల వల్ల.

జాస్మిన్ పక్కన కూర్చుంది. "నాకు తట్టలేదు నానమ్మా, ఒట్టు. ఇదేం లెక్కలోకి రాదు. తెలిసి తిన్నావా ఏంటి? డాడీకి చెప్పను. ఎవరికీ చెప్పను. నువ్వు చూసి, ఆలోచించి వద్దన్నావు. అదే మాట. నువ్వు కూర్చో, నేనే వెళ్ళి చెప్తాను." అని లేచి, కళ్ళు తుడుచుకుని, యెరాయ్ వైపు నడిచింది.

"ఆగవే," అంది వదిన.

జాస్మిన్ ఆగింది.

"ఈ గట్లు ఎవరు పోశారంట?"

"వాళ్ళ తాతగారు నానమ్మా. తర్వాత వాళ్ళ నాన్న. ఇప్పుడు ఇతనే. ఏటా సముద్రం కొట్టేస్తుంది, ఏటా మళ్ళీ పోస్తారు."

వదిన మళ్ళ వైపు చూసింది, ఆ నల్లరాయి వైపు చూసింది. గుప్పెట్లో మిగిలిన ఉప్పు వైపు చూసింది.

"గోదారి పక్కన కూర్చుని పండించడంలో మన గొప్పేముందే? అదంతా గోదారి చలవ. ఇక్కడ ఏరూ లేదు, వానా లేదు, మనిషి ఒక్కడే ఉన్నాడు. రాయి మీద ఇంత తెల్లటిది పుట్టించినోళ్ళు పిల్లని పస్తు పెడతారా? ఉప్పు మాట వదిలెయ్. అది తెలీక తిన్నాను. ఇప్పుడు తెలిసి తింటాను. మీ అత్తగార్ని నీళ్ళు పొయ్యమను."

జాస్మిన్ ఏ భాషలో చెప్పిందో దానికే తెలియదు. ఫ్రెంచి, తెలుగు, స్పానిష్ కలిపి ఏడుస్తూ చెప్పిందట. కార్మెన్‌కి మాత్రం చాపిన చెయ్యి చూడగానే అర్థమైంది. నీళ్ళ డబ్బా తెచ్చి, అలవాటు కొద్దీ చుక్క చుక్కగా పోసింది.

"ఇంకాస్త పొయ్యమనే. చెయ్యి కడగడానికి కూడా కొలతా?"

కార్మెన్ నవ్వి, ఆ ఎడారి దీవిలో, ఇంటి నుంచి మోసుకొచ్చిన డబ్బా మొత్తం వదిన చేతి మీద బోర్లించేసింది. వదిన స్వెటరు మోచేతుల దాకా తడిసింది. దాన్ని విప్పేసింది. మంకీ క్యాపు కూడా తీసి గట్టు మీద పెట్టింది. దీవిలో దిగాక అదే మొదటిసారి.

తర్వాత తినడం మొదలుపెట్టింది. ముడతల దుంపలు, ఎర్ర కారం, చేప. అబ్బాయి కోసం తెచ్చిన అన్నం అయిపోయింది. ఇంటి నుంచి ఇంకో గిన్నె వచ్చింది, అదీ అయిపోయింది. అన్నాళ్ళు వద్దన్న వంటలన్నీ ఒక్కొక్కటే రప్పించింది. ఆవిడ ఆగేటప్పటికి కొట్టులో ఉప్పుగుట్ట సగానికి దిగిందనీ, దీవి ఒకవైపు ఒరిగిందనీ, ఓడల వాళ్ళు పటాలు మళ్ళీ గీయించుకున్నారనీ నేను చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. కార్మెన్ తొడ చరిచి "నేనే గెలిచాను" అన్నదంటే మాత్రం అందరూ నమ్మారు.

యానాంలో ఆంథోనీ ఫోన్ ఎత్తగానే ఒకటే మాట అడిగాడు: "కడిగిందా?"

"కడిగింది డాడీ!" అంది జాస్మిన్. ఆ కేక నేను అరుగు మీద కూర్చుని విన్నాను. ఇందులో మాత్రం కోత లేదు.

పెళ్ళి ఈస్టర్ తర్వాత, యానాంలోనే. కార్మెన్ వస్తోంది. మా దగ్గర మే నెల ఎలా ఉంటుందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చలి పడుతుందేమో, స్వెటరు తెచ్చుకోనా అని అడిగించిందట. తెచ్చుకోమన్నాను.

ఇదంతా రాసి, నిన్న వదినకి చదివి వినిపించాను. ఆవిడ చేటలో ఎండురొయ్యలు ఏరుతూ, తల ఎత్తకుండా మొత్తం వింది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది ఒదినా. ఎలా ఉంది?"

"ఒక్క ముక్క నిజం లేదు. మంకీ క్యాపు నేను పెట్టుకోలేదు. ఏ దొరా నన్ను చూసి కోటు తొడుక్కోలేదు. ఆ ఉప్పు వాళ్ళది కాదు, నాది. ఇక్కణ్ణించే పట్టుకెల్లాను."

గోడ అవతల నుంచి కామాక్షమ్మ కేకేసింది. "అదేంటక్కా, పాకెట్టు నేనేగా బయటికి లాగాను!"

"నువ్వు లాగింది ఇంకోటే, నోర్ముయ్యి. కుర్రోడు నచ్చాడు, చెయ్యి కడిగాను. ఉప్పూ లేదు, గుట్టా లేదు, గట్టు మీద చతికిలబడ్డమూ లేదు. ఫ్రాన్సిసూ, నీకు చెప్తే అర్థం కాదు గానీ, ఆ మాటకొస్తే నేనసలు యానాం పొలిమేర దాటలేదు."